పసుపు చిందిన కొమ్మ

మా చెల్లెలు లోయిస్ వాకిట్లో ఉన్న లైలాక్ పొదను చూడటానికి ఒకప్పుడు వెర్మాంట్ రాష్ట్రం నలుమూలల నుంచీ మొక్కల పిచ్చివాళ్లు వచ్చేవారు. వాళ్లు వచ్చింది పువ్వు కోసం కాదు. ఆ ఊదా పువ్వు మా దారిలో ప్రతి ఇంటి ముందూ పూస్తుంది. వాళ్లు ఆకు కోసం వచ్చేవారు. లోయిస్ భర్త ఆల్డెన్ పెళ్లయిన కొత్తలో, తన తల్లి నాటిన మామూలు పొదలో ఒకే ఒక్క కొమ్మకు ఆకుల మీద పసుపు చిలకరించినట్లుండటం గమనించి, దాన్ని వేరుచేసి పెంచాడు. నేను విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం బోధించిన కాలంలోనూ సరిగ్గా అటువంటి ఆకును మరెక్కడా చూడలేదు.

మచ్చ పడిన చోట పత్రహరితం ఉండదు కనుక ఆ కొమ్మలు నెమ్మదిగా పెరుగుతాయి. అప్పుడప్పుడు అదే పొదలోంచి మచ్చ లేని పూర్తి ఆకుపచ్చ కొమ్మ ఒకటి లేస్తుంది. వదిలేస్తే వెలుతురూ నీరూ తనే లాక్కుని, కొన్నేళ్లలో పొదనంతటినీ మామూలు లైలాక్‌గా మార్చేస్తుంది. అందుకని ఆల్డెన్ ఏటా పూత ముగియగానే కత్తెర పట్టుకుని పచ్చవాటిని మొదలంటా కోసేవాడు. "బలిసినవాళ్లకి ఇక్కడ చోటు లేదు వదినా," అంటూ నా నడుము వైపు చూసి నవ్వేవాడు.

అతని జ్ఞాపకశక్తి సడలిందని మాకు మొదట తెలిసింది ఆ పొద దగ్గరే. పచ్చవాటిని వదిలి మచ్చలవాటిని కోయసాగాడు. ఎందుకో నాకు చాలా రోజుల వరకు తట్టలేదు. అతని తండ్రికి ఆపిల్ తోట ఉండేది. ఆకు పసుపు తిరిగిన కొమ్మను కనిపించిన క్షణమే కోసి కాల్చాలని, లేకపోతే తోటంతా పోతుందని ఆయన కొడుక్కు పసితనంలోనే నేర్పాడు. ఆల్డెన్ పెద్దయ్యాక నేర్చుకున్నది ముందు పోయింది, దాని కింద ఉన్నది పైకి తేలింది.

లోయిస్ కత్తెర దాచింది. దానివల్ల మరో కష్టం వచ్చిపడింది. అతను సొరుగులన్నీ గుమ్మరించాడు, కొట్టం తలకిందులు చేశాడు. చివరికి తనే దాన్ని ఎవరిదగ్గరో దొంగిలించానని, అందుకే భార్య లాక్కుందని నమ్మి, తల వంచుకుని కూర్చున్నాడు. అన్నీ మరిచిపోతున్నా ఆ నేరం మాత్రం మరవలేదు, తిండి మానేశాడు. లోయిస్ కత్తెర తిరిగి ఇచ్చిన పూట లేచి తోటలోకి వెళ్లాడు, వచ్చి కడుపు నిండా తిన్నాడు. ఆ తర్వాత ఆమె మళ్లీ దాచలేదు.

అలా పొద ఏటేటా పచ్చబడింది, బలిసింది, విరగబూసింది. ఎదురింటి హార్లీ కంచె మీద చేతులానించి, మీ పొద ఇంత కళగా ఎన్నడూ లేదని మెచ్చుకున్నాడు. లోయిస్ అతనికి మర్యాదగా కృతజ్ఞతలు చెప్పి, లోపలికి వచ్చి తలుపు గట్టిగా వేసింది.

చివరకు గోడ వైపు, కింది వరసలో మచ్చల కొమ్మ ఒకటే మిగిలింది. నేను చెప్పినట్లు లోయిస్ దాన్ని వంచి, నడుమ భాగాన్ని మట్టితో కప్పి, పైన రాయి పెట్టింది. అక్కడ వేళ్లు బాగా పట్టి వేరే మొక్క అయ్యేదాకా, అంటే మరో శీతకాలం గడిచేదాకా, దాన్ని ఎవరూ ముట్టకూడదు. మనిషి మిగలడు, మనిషి చేసిందైనా మిగలాలని ఆమె ఆశ.

మే నెలాఖరున సమాధులకు లైలాక్ పూలు తీసుకెళ్లే రోజు వచ్చింది. ఆల్డెన్ పూలు కోసి బకెట్లలో వేస్తున్నాడు. నీళ్లు బాగా పీల్చుకోవాలని లోయిస్, నేను కాడల చివర్లు చిదుపుతున్నాం. అతను గోడ వైపు వంగి ఆగిపోయాడు.

"ఇక్కడొకటి జబ్బుది ఉంది."

"ఉండనీ ఆల్డెన్, నేను చూసుకుంటా."

"నీకు తెలీదు. ఉంచితే మిగతావాటికి అంటుకుంటుంది. నాన్న ఊరుకోడు."

"జబ్బు చేసినవాటినల్లా కోసేస్తే నాకింట్లో ఎవరు మిగుల్తారు?"

అతను ఆమె ముఖం వైపు చాలాసేపు చూశాడు. అర్థమైందేమో అనుకున్నాను. కత్తెర ఆమెకు చేయి చాస్తే అందేంత దూరంలోనే ఉంది, అయినా ఆమె చేయి చాచలేదు. అతను కొమ్మను రాయి దగ్గరికంటా కోసి, చివర పూసిన గుత్తి చెదరకుండా రెండు చేతులతో ఆమెకు అందించాడు.

"పువ్వు మాత్రం బాగుంది. మా అమ్మకి పెట్టు."

లోయిస్ దాన్ని విడిగా ఒక గాజు సీసాలో పెట్టింది. మేం శ్మశానానికి వెళ్లి ఆల్డెన్ తల్లి సమాధి రాతి ముందు ఉంచాం. అతను టోపీ తీసి నిలబడ్డాడు. ఆకుల మీది పసుపు వైపు ఒకసారి అనుమానంగా చూశాడు.

మట్టిలో మిగిలిన ముక్కకు అప్పటికే వేళ్లు పట్టి ఉంటే దాని నుంచి చిగురు రావచ్చు. అది మచ్చలతో వస్తుందో పచ్చగా వస్తుందో నేను చెప్పలేను. ఆ మాటే చెల్లెలితో చెప్పాను. ఆమె తలాడించింది. ఇంటికి వచ్చాక కత్తెర రెక్కలకు అంటిన పసరు తుడిచి, నూనె రాసి, ఆల్డెన్ చేతికి అందే ఎత్తులో ఉన్న మేకుకు తగిలించింది.