టార్చి బాబాయ్ చూసిన పూర్తి సినిమా

భోజనం కాగానే ఆయన టార్చిలో కొత్త బ్యాటరీలు వేసి, గోడ మీద వెలుగు గుండ్రంగా పడుతోందో లేదో చూసుకుని, కిటికీ తెర లాగి, హెడ్‌ఫోన్స్ చెవులకు తగిలించుకున్నాడు. మంగళవారం ఆయనకు సెలవు. సెలవైనా టార్చి పక్కన లేకపోతే తోచదు. ముప్పైరెండేళ్ల అలవాటు మరి.

సినిమాహాల్లో సీట్లు చూపించడం ఆయన పని. అక్కడ అందరికీ టార్చి బాబాయ్. పొట్టి మనిషి, ఎడమ మోకాలు కొంచెం వంకర. చీకట్లో మెట్లు వెతికి వెతికి, ఇంట్లో కూడా నేల చూస్తూనే నడుస్తాడు. ఇన్నేళ్లలో ఒక్క సినిమా అయినా మొదటినుంచి చివరిదాకా చూసింది లేదు. మొదటి అరగంట ఆలస్యంగా వచ్చేవాళ్లతోనే సరిపోతుంది. చివరి పది నిమిషాలు, జనం మీద పడకముందే తలుపులు తీయాలి. మధ్యలోదంతా తలుపు బయట నిలబడి వినడమే. దీపం కింద చీకటంటే ఇదే. ప్రతి సినిమాలోనూ పోలీసులు ఎప్పుడొచ్చారో తెలుసు, ఎందుకొచ్చారో తెలియదు.

ఆ మోకాలు చూసి మేనేజరు రెండేళ్లుగా బతిమాలుతున్నాడు. "ఇక ఇంటిపట్టున ఉండండి బాబాయ్."

"ఒక్క సినిమా పూర్తిగా చూసిన రోజున మానేస్తాన్లే బాబూ" అని ఈయన మాట దాటేసేవాడు. మాట సరదాదే కానీ కోరిక నిజం. చూడకుండానే పోతానేమోనన్న దిగులూ నిజమే.

ఇంట్లో చూద్దామంటే టీవీ ఉన్న గదిలోనే భార్య కుట్టుమిషను. ఆవిడ తొక్కడం మొదలుపెడితే హీరో ఏమన్నాడో పక్కనున్న హీరోయిన్‌కే వినపడదు. అందుకని పోయిన నెల కూతురు ఈ హెడ్‌ఫోన్స్ తెచ్చింది. కొబ్బరిచిప్పలంత నల్లటి గిన్నెలు, వైరు లేదు.

"చుట్టూరా వినిపిస్తుంది నాన్నా. అచ్చం హాల్లో ఉన్నట్టే."

అచ్చం హాల్లో ఉన్నట్టు ఉండడమే కొంప ముంచింది. మొదటి మంగళవారం వాన చప్పుడు వీపు వెనకనుంచి మొదలై నెత్తిమీదుగా ముందుకు వచ్చింది. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు, రెండుసార్లు ఇంటికప్పు వైపు కూడా చూశాడు. పన్నెండో నిమిషంలో ఎడమచెవి వెనక తలుపు కిర్రుమంది. ఎవరివో అడుగులు. ఆయన చటుక్కున లేచి, వెనక్కి తిరిగి, మిషను దగ్గరున్న భార్య మొహం మీద టార్చి వెలుగు వేశాడు.

"టికెట్ చూపించండి."

ఆవిడ మిషను ఆపింది. "ఇప్పుడడుగుతున్నారా టికెట్! నేను లోపలికొచ్చి ముప్పయ్యేళ్లయింది."

తరవాతి రెండు మంగళవారాలూ మొదలు బాగానే ఉంది, చివరే చెడింది. ఆఖరి ఘట్టంలో సంగీతం జోరందుకోగానే ఆయన కాళ్లు వాటంతటవే లేచేవి. వెళ్లి వీధితలుపు బార్లా తీసి, పక్కకు తప్పుకుని నిలబడేవాడు. దారినపోయేవాళ్లు ఎవరి కోసమో అనుకుని లోపలికి తొంగి చూసేవారు. తేరుకుని వచ్చేసరికి తెరమీద పేర్లు. వెనక్కి తిప్పుకుని చూడమంది కూతురు. "హాల్లో వెనక్కి తిప్పుతారా? అది చూసినట్టు కాదమ్మా" అన్నాడు.

ఈ మంగళవారం భార్య ఊరుకోలేదు. సినిమా మొదలై రెండు గంటలు కావస్తుండగా సూదీ ఎర్రదారమూ పట్టుకుని ఆయన కుర్చీ వెనక చేరింది. ఆయన చెవుల్లో రైలు పోతోంది, ఇల్లు కూలినా తెలియదు. చొక్కా వెనక అంచును కుర్చీ తొడుగుతో కలిపి ఆరు టాకాలు గట్టిగా వేసి, దారం కొరికేసింది.

సంగీతం జోరందుకుంది. ఆయన లేచాడు, కుర్చీ కూడా లేచింది. తిరిగి చూస్తే భార్య ఏదో అంటోంది. ఒక చెవి మీది గిన్నె పక్కకు తప్పించాడు.

"తలుపు నేను తీస్తాను. మీరు కూర్చుని చూడండి" అంటూ ఆవిడ వెళ్లి వీధితలుపు బార్లా తీసి, అచ్చం ఆయనలాగే పక్కకు తప్పుకుని నిలబడింది.

ఆయన కూర్చున్నాడు. రైలు స్టేషన్‌కు చేరింది. ముసలి డ్రైవరు దిగాడు. కుడిచెవి పక్కనుంచి అతని భార్య గొంతు, "ఇంత ఆలస్యమా?" అంది. తరవాత పేర్లు. టీ కాచినవాడి పేరుదాకా చదివాడు. అంతటి సంతోషం ఆయనకు కూతురు పుట్టిన రోజున తప్ప ఎరుకలేదు. కళ్లు తుడుచుకున్నాడు.

"ఎలా ఉందండీ?"

"పోలీసులు ఎందుకొచ్చారో ఇన్నాళ్లకు తెలిసింది!"

ఆవిడ నవ్వుతూ టాకాలు విప్పింది. సాయంత్రం ఆట మొదలవకముందే ఆయన టార్చి పట్టుకుని హాలుకు వెళ్లాడు.

"చూసేశాను బాబూ."

మేనేజరుకు ఒక్క క్షణం అర్థంకాలేదు. అర్థంకాగానే కుర్చీలోంచి లేచాడు. "మొత్తమా బాబాయ్?"

"టీ కాచినవాడి పేరుదాకా."

"మరి రేపట్నుంచి?"

"టికెట్ కొనుక్కుని వస్తా. మీ పిన్నినీ తెస్తా. కావాలనే ఆలస్యంగా వస్తాం, సీటెవరు చూపిస్తారో చూస్తా!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన తల ఎత్తుకుని, నేల చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు. బాల్కనీ తలుపు పక్కన మేకుకు టార్చి వేలాడుతోంది, మధ్యాహ్నం వేసిన కొత్త బ్యాటరీలతో.