గుండీ ఎత్తెంత

మా అత్తగారికీ నాకూ ఉప్పూ నిప్పూ. అత్త లేని కోడలుత్తమురాలు అన్న సామెత ఎవరు పుట్టించారో గానీ, వాళ్ళకు తప్పకుండా అత్త ఉండే ఉంటుంది. మా ఇంటి ముందుగది ఆవిడ కుట్టుకొట్టు. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజున నన్ను పైనుంచి కిందకు చూసి, "దీనికి గుడ్డ తక్కువే పడుతుందిలే" అన్న మనిషి. నేను పొట్టిదాన్నే. ఆవిడ కొడుకు మాత్రం తాడిచెట్టా? అతనూ అంతంత మాత్రమే. అది ఆవిడకు కనపడదు.

మా అమ్మాయి పుట్టిన వారంలోనే, మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలో, గొంతులోని థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పనిచేయడం లేదని తేలింది. డాక్టరమ్మ నాకు భయం పోయేలా చెప్పింది. రోజూ పరగడుపున చిన్న మాత్ర ఒకటి, జన్మంతా. అది మానకుండా పడితే చదువుకీ లోటుండదు, ఎత్తుకీ లోటుండదు, తల్లిదండ్రుల పోలికనే పెరుగుతుంది. మానితే పెరుగుదల ఆగిపోతుంది. నేను విన్నది ఇదంతా. మా అత్తగారు విన్నది చివరి మాట ఒక్కటే. పిల్లకు పేరు పెట్టకముందే "గుండీ" అని పిలవడం మొదలుపెట్టింది. చొక్కాగుండీ అంత ఉంటుందట. ఆ పిలుపు విన్నప్పుడల్లా నా ఒళ్ళు మండిపోయేది.

నేను రొట్టెల ఫ్యాక్టరీలో పొద్దున్న షిఫ్టుకు వెళ్తాను. పిల్ల లేవకముందే బయలుదేరాలి. కాబట్టి మాత్ర వేసే పని ఆవిడ చేతిలోనే పెట్టాల్సి వచ్చింది. ఇష్టం లేకుండానే పెట్టాను. ఆవిడా ఇష్టం లేకుండానే తీసుకుంది.

"నాకు దీని మీద నమ్మకం లేదు. అయినా ఇస్తాను. రేపు పిల్లకేమైనా అయితే నా నెత్తిన వేస్తావు కదా," అంది.

గుండీకి ఎనిమిదేళ్ళు నిండిన రోజున, ఆ ఎండాకాలంలో, గొడవ రాజుకుంది. కొత్త గౌనుకు కొలతలు తీసుకుంటూ, ఎందుకు తోచిందో ఏమో, ఆవిడ పిల్లను గుమ్మానికి ఆనించి నిలబెట్టి మెడలో వేలాడే టేపుతో తల నుంచి పాదం దాకా కొలిచింది. నలభై అయిదు అంగుళాలు. అంతకుముందు ఏడాది ఆసుపత్రిలో కొలిచినప్పుడూ నలభై అయిదే.

"ఏడాది పొడుగునా మందు మింగితే ఇదా పెరగడం?" అని నా వైపు తిరిగింది. "ఆ మాత్రే దీన్ని తొక్కేస్తోంది. మింగినన్నాళ్ళూ ఇది పెరగదు. రాసిపెట్టుకో."

"మీ కొలత తప్పు," అన్నాను.

"నా కొలతా? ఈ వీధిలో సగం మంది ఒంటిమీద ఉన్నది నా కొలతే. ఒక్కడొచ్చి బిగుతైందన్నాడా, వదులైందన్నాడా?"

నిజంగానే ఎవరూ అనలేదు. ఆ రోజు నుంచి అదే పాట. అన్నం దగ్గర, మిషన్ దగ్గర, గుండీలు కుట్టించుకోవడానికి వచ్చిన పరాయివాళ్ళ ముందు. నరం లేని నాలుక, అలిసిపోతేగా. నేనూ ఊరుకోలేదు. ఆవిడ ఒకటంటే నేను నాలుగన్నాను. మా ఆయన అడకత్తెరలో పోకచెక్క. పోకచెక్కకైనా నలిగినప్పుడు చప్పుడుంటుంది, ఈయన చెప్పులేసుకుని బయటికి పోయేవాడు.

చలి మొదలయ్యేసరికి పిల్ల మందకొడిగా తయారైంది. బడి నుంచి వచ్చి దుప్పటి కప్పుకుని పడుకునేది. చర్మం పొడిబారింది. చలికాలం కదా అనుకున్నాను.

ఒకరోజు మా ఫ్యాక్టరీలో కొత్త అరలు బిగించడానికి వచ్చిన వడ్రంగి తన ఇనుప టేపు చాచి గోడ కొలుస్తున్నాడు. చూస్తుండగా నా బుర్రలో ఏదో వెలిగింది. సాయంత్రం అలాంటిదే ఒకటి కొని నేరుగా కుట్టుకొట్టులోకి వెళ్ళాను. ఆవిడ ఎవరిదో చొక్కా కత్తిరిస్తోంది. చొక్కా ఆసామి ఎదురుగా స్టూలు మీద కూర్చునున్నాడు.

"మీ టేపు ఒకసారి ఇవ్వండి అత్తయ్యా," అన్నాను, చాలా మర్యాదగా.

రెండు టేపులూ కత్తిరింపు బల్ల మీద పక్కపక్కన పరిచాను. మొదలు రెండూ కలిపి పట్టుకున్నాను. ఆవిడ గుడ్డ టేపులో అరవై అంకె ఇనుప టేపు అరవై దాటి రెండంగుళాలు ముందుకు పోయింది. ఏళ్ళ తరబడి మెడలో వేలాడి, చేతుల్లో లాగించుకుని సాగిపోయింది పాపం. సాగిన టేపుతో కొలిస్తే ఎవరైనా ఉన్నదానికంటే పొట్టిగానే తేలతారు.

"సాగితే మరి బట్టలెలా సరిపోతున్నాయే?" అంది ఆవిడ, కానీ గొంతులో జోరు లేదు.

"మనిషినీ ఈ టేపుతోనే కొలుస్తారు, గుడ్డనీ ఈ టేపుతోనే కొలుస్తారు. రెండు చోట్లా అదే తప్పు. ఇంక తేడా ఎలా తెలుస్తుంది?"

చొక్కా ఆసామి నవ్వాపుకోలేక దగ్గాడు. మా అత్తగారి ముఖం మాడిపోయింది. నాకు ఎంత సంతోషమేసిందో దాచుకోను. ఇన్నేళ్ళ కాపురంలో అంత తీపి సాయంత్రం లేదు. గుండీని పిలిచి గుమ్మానికి ఆనించి ఇనుప టేపుతో కొలిచాను. నలభై ఆరున్నర.

"చూశారా? అంగుళమున్నర పెరిగింది నా కూతురు!"

ఆవిడ తన పాత టేపు బల్ల మీంచి తీసుకుని, వంగి, పిల్లను మళ్ళీ కొలిచింది. లేచి నావైపు చూసింది.

"సరే, నా టేపు సాగింది. ఒప్పుకున్నా. పుట్టినరోజున కొలిచిందీ ఈ టేపుతోనే కదా? అప్పుడు నలభై అయిదు. ఇప్పుడూ నలభై అయిదే. ఆ అంగుళమున్నరా పుట్టినరోజుకి ముందు పెరిగింది. ఆ తర్వాత ఏం పెరిగిందే నీ కూతురు?"

అదే టేపు, అదే తప్పు, అదే అంకె. ఎండాకాలం నుంచి పిల్ల వెంట్రుకవాసి కూడా పెరగలేదు. దుప్పట్లో ముడుచుకున్న పిల్ల కళ్ళముందు మెదిలింది.

"మీరు మాత్ర ఇవ్వడం మానేశారు!" అని అరిచాను. "నా పిల్లని మీ మొండితనానికి బలిచ్చారు!"

"నోరు జాగ్రత్త! ఒక్క రోజు మానలేదు. నా చేత్తో నాలిక మీద పెట్టాను, నీళ్ళిచ్చాను. నమ్మకం లేకపోయినా ఇచ్చాను. నేను నీలా మాట తప్పే మనిషిని కాదు!"

"అత్తగారు పగలగొట్టిన కుండ ఎప్పుడూ పాతదే కదా!"

చొక్కా ఆసామి చొక్కా వదిలేసి మెల్లగా జారుకున్నాడు. మేమిద్దరం బల్లకు అటూ ఇటూ నిలబడి ఇంకెంతసేపు అరుచుకునేవాళ్ళమో. మధ్యలో గుండీ మిషన్ కిందకి దూరి, గుడ్డపీలికలు వేసే సంచిని బయటికి లాగి, బోర్లించింది. రంగురంగుల పీలికల మధ్య తెల్లగా చిన్న మాత్రలు దొర్లాయి. కొన్ని నాని ముద్దైపోయి గుడ్డకు అంటుకున్నాయి.

"నానమ్మ ఇస్తుంది. నేను ఉమ్మేస్తాను," అంది.

"ఎందుకే?" అన్నాను.

"అది మింగితే పెరగనంటగా. నానమ్మ చెప్పింది."

మా అత్తగారు బల్లను పట్టుకుంది. "నేను నీతో ఎప్పుడన్నానే? మీ అమ్మతో అన్నాను!"

మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాం, ముగ్గురం. రక్తపరీక్ష చూసి ఆవిడ మా ఇద్దర్నీ కడిగిపారేసింది. కొన్ని నెలలకే బయటపడింది కాబట్టి పిల్ల వెనకబడ్డది అందుకునే అవకాశం బాగానే ఉంది, ఇక మానకపోతే పెద్దయ్యాక వాళ్ళమ్మంత అవుతుంది, మళ్ళీ మానితే తను మాటివ్వలేనంది. "వాళ్ళమ్మంతేనా?" అని మా అత్తగారు గొణిగింది. అక్కడ కూడా.

ఆ మర్నాడు నేను షిఫ్టు మానుకున్నాను. పొద్దున్నే సీసా తీసుకుని వంటింట్లోకి వెళ్తే, ఆవిడ అప్పటికే గ్లాసుతో నీళ్ళు పట్టుకుని నిలబడింది.

"ఇలా ఇవ్వండి. ఇక నేనే వేస్తాను," అన్నాను.

"ఎనిమిదేళ్ళు వేసినదాన్ని, ఇప్పుడు పనికిరానా?"

గుండీ జుట్టు చెదిరిపోయి నిద్రకళ్ళతో వచ్చింది. నా చేతిలోని సీసా లాక్కుంది. ఆవిడ చేతిలోని గ్లాసు ముట్టుకోలేదు. స్టూలు ఈడ్చుకుని, దానిమీదెక్కి, తనే ఇంకో గ్లాసులో నీళ్ళు పట్టుకుని మాత్ర మింగింది. ఏదీ నోరు తెరువు అని ఇద్దరం ఒకేసారి అన్నాం.

"తెరవను," అంది. "మీరిద్దరూ చెప్పేది నేను వినను. డాక్టరమ్మ చెప్పింది కాబట్టి మింగాను."

స్టూలు దిగి, సీసా తన గౌను జేబులో వేసుకుని, మా ఇద్దరి మధ్య నుంచి తోసుకుంటూ బయటికి వెళ్ళిపోయింది.