క్వారీ సెలవునాడు అదిరిన నేల

పలమనేరు నుంచి కుప్పం పోయే దారిలో శాంతిపురం దాటినాక, కొండను ఆనుకొని ఒక పల్లె ఉంది. ఆ పల్లెలో పిల్లలకు అ ఆలు రాకముందే ఒక సంగతి వచ్చేస్తుంది. కొండమీది గ్రానైట్ క్వారీలో ఈల మోగితే, చేతిలో ఏమున్నా పారేసి ఇంట్లోకి ఉరకాలి. ఈల తర్వాత మందు పేలుతుంది. నేల అదురుతుంది, గిన్నెలు గలగలమంటాయి, ఒక్కోసారి పిడికెడంత రాళ్ళు ఊళ్ళోకి ఎగిరి వస్తాయి. రేకుల ఇళ్ళకు చిల్లులు పడ్డాక, చేతనైన వాళ్ళంతా రాతి కూసాలు నాటి, వాటి మీద బండలు పరిచి మిద్దెలు వేసుకున్నారు. బండ కింద ఉన్నవాడిని యముడు కూడా ఏమీ చేయలేడని గంగులమ్మ అంటూ ఉంటుంది.

ఆ అమావాస్య పొద్దున గంగులమ్మ కొట్టంలో ఉంది. కొట్టం కప్పు కూడా బండలే. తొలిచూలు ఆవు తెల్లవారినప్పటి నుంచి లేస్తూ పడుకుంటూ ఉంది. కొడుకూ కోడలూ పుంగనూరులో పెళ్ళికి పోయారు. పోతూ పోతూ కొడుకు తిమ్మప్ప తన కూతురితో, "మునీ, ఆవును అవ్వ సూసుకుంటాది. అవ్వను నువ్వు సూసుకో" అన్నాడు.

పదో తరగతి చదివే మునీశ్వరి తలూపింది. ఆ పిల్ల దేనికైనా తలే ఊపుతుంది. బడిలో హాజరు పిలిస్తే, "వచ్చింది సార్" అని పక్కన కూర్చున్న పిల్ల చెప్పాల్సిందే.

వాకిట్లో ఆమె కుడితి కలుపుతూ ఉంది. ఉన్నట్టుండి, బరువెక్కించిన లారీ నేల కింద పోతున్నట్టు ఒక మోత. తొట్టిలో నీళ్ళు ఒక పక్కకు ఒరిగి, అంచు దాటి ఆమె పాదాల మీద పడ్డాయి.

వీధి వీధంతా లోపలికి ఉరికింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. కాంతమ్మ చేట పారేసి ఇంట్లోకి దూరింది, కుక్క ఆమె అరుగు కిందికి దూరింది. మునీశ్వరి నడింట్లో కూసాన్ని వాటేసుకొని నిలబడింది.

మోత ఆగలేదు. మందు పేలితే ఒక్క దెబ్బ, అంతే. ఇది జల్లెడ పట్టినట్టు అదే పనిగా ఊపుతూ ఉంది. బండల సందుల్లోంచి దుమ్ము రాలి ఆమె జుట్టంతా పడింది. చేతుల్లో కూసం, ఎప్పుడూ కదలని కూసం, పన్ను కదిలినట్టు కదిలింది. ఆ తర్వాత అంతా ఆగిపోయింది.

"ఏమప్పా ధనుంజయా!" ఎదురింటి లోపల్నుంచి కాంతమ్మ అరుపు. "అమావాస్య నాడన్నా మమ్మల్ని బతకనీరా? ఈల ఎయ్యాలని తెలీదా మీకు?"

క్వారీలో మందు కూరేవాడు ధనుంజయ. వాడు తన వాకిట్లోనే, ఒళ్ళంతా నూనెతో, తువ్వాలు కట్టుకొని నిలబడి ఉన్నాడు.

"నేనీడుంటే ఆడ పేల్చేదెవురత్తా? ఈ పొద్దు సెలవు. నూనె పూసుకోని ఎండలో కూసోనుండా, కనపడలే నీకు?"

"మరి అదిరిందేంది?"

ధనుంజయ వాకిలి దాటి వీధిలోకి వచ్చాడు. కొండ వైపు చూశాడు. కొండ మీద దుమ్ము లేదు, పొగ లేదు.

"భూమి," అన్నాడు చివరికి. "అత్తా, అది భూమే. బయటికి రాండి. అందురూ బయటికి రాండి!"

వెంటనే ఎవరూ రాలేదు. పుట్టినప్పటి నుంచి లోపలికి ఉరకడం నేర్చిన కాళ్ళు అవి. కాంతమ్మ తాబేలులా తల మాత్రం బయటికి పెట్టింది. "రాళ్ళు పడవు గదా?"

"రాళ్ళు నీ నెత్తి మీదే ఉండాయి. బిన్నా రా అత్తా, తడవు సెయ్యొద్దు!"

అప్పుడు వచ్చారు. పసిపిల్లల్ని చంకనేసుకొని, పొయ్యి మీది ఎసరు అట్లాగే వదిలేసి, వీధి నడిమధ్యకు వచ్చి నిలబడ్డారు. మునీశ్వరి అందరి ముఖాలూ వెతికింది. అవ్వ లేదు. కొట్టం తలుపు మూసే ఉంది.

పరుగెత్తిపోయి తలుపు తోసింది. ఆవు పక్కకు ఒరిగి పడుకొని ఉంది. దూడ ముందుకాళ్ళ గిట్టలు రెండూ బయటికి వచ్చి ఉన్నాయి. వెనక అవ్వ గొంతుక్కూర్చొని ఉంది. ఎప్పుడూ చీకటిగా ఉండే ఆ చోట ఒక వెలుతురు చార పడుతోంది. మునీశ్వరి తలెత్తి చూసింది. అవ్వ నెత్తి మీది బండ పక్కకు జరిగింది. నడిమి కూసం వాలింది. బండ అంచు ఆ కూసం కొసను వేలెడు మేరే పట్టుకొని ఉంది.

"అవ్వా, బయటికి రా."

"తలుపెయ్యి. ఈనేటప్పుడు ఎవురి కన్నైనా పడితే కష్టం."

"పేల్చింది కాదంటవ్వా. భూమి అదిరిందంట. పైన సూడు."

గంగులమ్మ పైకి చూడలేదు. "కాళ్ళొచ్చినాయి, తల రావాల. ఇప్పుడొదిలేసి పోతే ఊపిరాడక సస్తాది. నువ్వు ఇంట్లోకి పో పాపా. బండ కిందుండు, ఏమీ గాదు."

మునీశ్వరి ఆమె చెయ్యి పట్టుకొని లాగింది. అవ్వ విదిలించుకుంది.

"ధనుంజయ మామను పిలుస్తా."

"మొగోడు ఈడ అడుగు పెడితే నీ కాళ్ళిరగ్గొడతా!"

పైనుంచి చిన్న రాతి పెచ్చు ఆవు వీపు మీద రాలింది. ఆవు కళ్ళు తేలేసి, లేవబోయి, పలుపు గుంజింది. అప్పుడు చూసింది మునీశ్వరి. ఆ పలుపు కట్టి ఉన్నది వాలిన కూసానికే. ఆవు గుంజినప్పుడల్లా పైన బండ కిర్రుమంటోంది.

అవ్వ ఆవును వదిలి రాదు. ఎంత బతిమాలినా రాదు. కానీ ఆవు ఇక్కడ ఉంటానని అనడం లేదు కదా!

గోడకు దోపిన కొడవలి లాక్కొని ఆమె పలుపు మీద వేసింది. మొదటి కోతకు సగమే తెగింది.

"ఏం జేస్తాండావే, నీ చేతులు పడిపోనూ!"

రెండో కోతకు పలుపు తెగింది. ఆవు తడబడుతూ లేచి, దూడ గిట్టలు వెనక వేలాడుతుండగానే వెలుతురు వైపు తిరిగింది. మునీశ్వరి తలుపు రెండు రెక్కలూ తోసేసి వీధిలోకి అరిచింది.

"దారి ఇడవండి! అందురూ పక్కకు పోండి!"

అది ఎవరి గొంతో వీధిలో సగం మందికి తెలియలేదు. అయినా జరిగారు. ఆవు బయటికి వచ్చింది, దాని తోక పట్టుకొని, "దూడకేమన్నా అయితే నిన్ను సంపేస్తా" అని తిడుతూ గంగులమ్మ వచ్చింది.

వీధి నడుమకు చేరారో లేదో నేల మళ్ళీ కదిలింది. ముందటి కంటే చిన్నదే. ఈసారి ఎవరూ ఇళ్ళ వైపు పోలేదు. నిండు బస్సులో నిలబడినట్టు కాళ్ళు ఎడం చేసి, ఒకరి భుజం ఒకరు పట్టుకొని నిలబడ్డారు. కొట్టంలో దబ్బుమని చప్పుడైంది. తలుపులోంచి దుమ్ము బుస్సున బయటికి కొట్టింది.

గంగులమ్మ అటు తిరిగి కూడా చూడలేదు. ఆవు వీధిలోనే పడుకుంది.

"ఎవురూ సూడొద్దు! తిరగండి అట్ల!"

ఊరు ఊరంతా వీపు తిప్పింది. నూనె ఒంటితో ధనుంజయ కొండ వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. "అవ్వా, ఏమయిందో సెప్పనన్నా సెప్పు."

"నోర్ముయ్ రా."

తల వచ్చి ఆగిపోయింది. నాలుక నల్లబడి పక్కకు వేలాడుతోంది. గంగులమ్మ గిట్టలు పట్టి లాగింది, జారిపోయాయి. మునీశ్వరి ఓణీ కొంగు గిట్టలకు చుట్టి పట్టుకుంది.

"ఆవు ముక్కినప్పుడే లాగు. ఇప్పుడు కాదు. ఇప్పుడు కాదు... ఆ, లాగు!"

దూడ నేలమీదికి జారింది. తడిసిన గోనెసంచిలా అట్లాగే పడి ఉంది. అవ్వ దాని నోట్లో వేలు పెట్టి జిగురంతా తీసింది, ముక్కులో గడ్డిపోచ పెట్టి తిప్పింది. ఏమీ లేదు. మళ్ళీ తిప్పింది.

దూడ తుమ్మింది.

"ఏం దూడవ్వా?" కాంతమ్మ ఆగలేక అడిగింది.

"పెయ్య."

ఆవు దూడను నాకడం మొదలుపెట్టాకనే గంగులమ్మ కొట్టం వైపు తిరిగింది. తను గొంతుక్కూర్చున్న చోట బండ నిలువుగా దిగబడి ఉంది. చాలాసేపు చూసింది. తడి చేతులు చీరకు తుడుచుకోవడం మరిచిపోయింది.

మునీశ్వరి ఉన్నట్టుండి వంగి నేలను పట్టుకుంది.

"ఏందే? మళ్ళా వస్తాండాదా?" అంది అవ్వ. వీధంతా బిగుసుకుపోయింది.

మునీశ్వరి అరచెయ్యి మట్టికి ఆనించి కాసేపు చూసింది.

"లేదవ్వా. నా కాళ్ళే."

"అయితే కూసో," అని గంగులమ్మ కాస్త జరిగి చోటిచ్చింది.