పంపు ఆడించిన కవాటం

బావ గుండెకు అమర్చడానికి అతని కణాలతోనే మా ల్యాబులో కవాటం పెంచుతున్నాను. మెల్లగా కరిగిపోయే సన్నటి జాలీ మీద కణాలు చల్లాం. అది కరిగేలోపు అవి అల్లుకుని కండ కట్టాలి. బావ కణాలది నత్తనడక. జాలీ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. "కదలండర్రా, మొద్దు మొహాల్లారా!" అని రోజూ తిట్టాను. ఈ ఉదయం చూస్తే కవాటం రెక్కల్లో ఒకదాని అంచు చీలింది. మళ్లీ మొదలుపెడదామంటే బావకు అంత వ్యవధి లేదు.

కవాటం గుండా ద్రవాన్ని తోసే పంపు ఆపి, కవాటాన్ని పారేద్దామని స్విచ్ మీద చెయ్యి వేశానో లేదో, చెప్పాపెట్టకుండా అక్క వచ్చింది. గాజు గొట్టంలో కవాటం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది.

"అమ్మో, కొట్టుకుంటోందే!"

"అక్కా, అది పంపు..."

వింటేగా! అప్పటికే ఫోన్‌లో బావకు చూపిస్తోంది. ఆసుపత్రి మంచం మీంచి బావ నవ్వాడు. "ఏం మరదలా, నాకన్నా అదే హుషారుగా ఉంది! ఏదీ, ఇంకాస్త దగ్గరగా చూపించండి."

అక్క ఫోన్‌ను గాజుకు ఆనించింది. చీలిక ఇంకొంచెం సాగింది.

వాళ్లు చూసినంతసేపైనా చిరిగిపోకుండా ఉంటుందని పంపు వేగం తగ్గించాను.