గంజి పెట్టిన కార్డు

మా తోటికోడలు ఆండాళు కొడుకు దినేశ్ పోయి యాడాది కూడ కాలే. చౌటుప్పల్ కాడ లారీ గుద్దింది. పెండ్లి కాలే, పిల్లలు లేరు, వాడు ఇడిసిపెట్టి పోయింది ఒక్క రేకు డబ్బా. దాంట్ల పాత క్రికెట్ కార్డులు. ఎనభైలల్ల బబుల్‌గమ్ ప్యాకెట్లల్ల పెట్టి అమ్మిన బొమ్మలట. పాత కిరాణ దుకాన్లు తిరిగి తిరిగి జమ చేసిండు. పిచ్చి అంటే గట్లుంటది.

మురళీమోహన్ వాని దోస్తు. ఇద్దరు కార్డులు మార్చుకునేటోళ్లు. ఒక కార్డు కాడ లొల్లి అయింది. దినేశ్ ఇచ్చింది అసలుది కాదు, మొన్న మొన్న అచ్చేసిన నకిలీ అని మురళి దాన్ని వాని మొఖం మీద ఇసిరికొట్టిండు. అసలుదో కాదో నలుగురికి చూపిస్త అని దినేశ్ దాన్ని తెచ్చి డబ్బల పెట్టిండు. చూపియ్యకముందే పాణం పోయింది.

గక్కడితోని ఊకున్నడా మురళి? దినాల నాడు అందరం తింటున్న కాడ ఎవరో దినేశ్ మంచోడు అన్నరు. గీ మురళి ఇస్తరాకు ముందల కూసొని, "చచ్చినోని కండ్లు చారెడు. నాకు నకిలీ అంటగట్టిన దొంగ వాడు" అన్నడు. వాళ్లింటి బువ్వ తింటనే అన్నడు. వాని నోట్లె మన్నువడ.

ఆండాళు ఇన్నది. గా రోజు నుంచి ఆమెకు ఒక్కటే రంది, ఆ మాట వాడు వాపసు తీసుకోవాలె. వాని ఇంటి సుట్టు తిరిగింది, బతిలాడింది. ఆఖరికి వాడు ఒప్పుకున్నడు. నల్గొండల రజాక్ సేట్ అని పాత నాణేలు, స్టాంపులు, కార్డులు పరీక్ష చేసే ఆయన ఉన్నడు. ఆయన అసలుది అంటే దినేశ్ ఫోటో ముందల దండం పెట్టి తప్పయింది అంట అన్నడు.

పోయే ముందు రోజు ఆండాళు కార్డు బయటికి తీసింది. మాసిపోయింది, మూలలు మెత్తబడ్డయి. కొడుకు సామాను పరాయోళ్ల ముందల గట్ల పెడతదా? సబ్బుపొడి నీళ్లల్ల గుడ్డ ముంచి తుడిచింది. మగ్గం ఇల్లు కదా, పడుగు దారాలకు పెట్టే గంజి ఉండనే ఉన్నది. రెండు దిక్కుల పూసి, ఆరినంక పాత చీర కప్పి ఇస్త్రీ చేసింది. మా ఇండ్లల్ల గంజి పెట్టి మడత పెట్టకుంట ఏ చీరనూ కొనే సావుకారి ముందట పెట్టం. బస్సుల నాకు చూపిచ్చింది. పెళపెళలాడుతున్నది. మంచిగున్నదే అన్న. నాకేమెరుక?

మేము సేట్ దుకానుకు పోయేసరికి మురళి బండి మీద వచ్చి కూసున్నడు. రజాక్ సేట్ కార్డు ముట్టుకోంగనే చెయ్యి ఆగింది. భూతద్దం పెట్టి చానసేపు చూసిండు. అచ్చుల చుక్కలు ఇడి ఇడిగ కనబడాలెనట, గవి ఒకదాంట్ల ఒకటి కలిసిపోయినయట. తర్వాత షట్టరు సగం దించి నీలిలైటు వేసిండు. పాత కాయితం ఆ లైటుకు మబ్బుగ ఉంటదట, కొత్తది తెల్లగ మెరుస్తదట. మా కార్డు దీపం లెక్క మెరిసింది. మురళి నవ్విండు.

సేట్ మర్యాదస్తుడు. "అమ్మా, దీనికి ఏమన్న పూసినవా?" అని అడిగిండు. ఆండాళు సంబురంగ అంతా చెప్పింది, సబ్బుపొడి నుంచి ఇస్త్రీ దాంక. ఆయన మెచ్చుకుంటడు అనుకున్నది పిచ్చిది. ఆయన లైటు బంద్ చేసి మెల్లగ చెప్పిండు. సబ్బుపొడి గూడ గీ లైటుకు మెరుస్తదట. నీళ్లకు, ఇస్త్రీకి అచ్చు చెదిరింది. గంజికి కాయితం పాతదో కొత్తదో చేతికి తెలుస్తలేదు. ఇగ దీన్ని అసలుది అనలేడు, నకిలీ అనలేడు. కడగకముందు తెస్తే చిటికెల చెప్పేటోడట.

ఇంకోపారి కడిగితే గంజి పోతది గద అన్నది ఆండాళు. సేట్ తల అడ్డం ఊపి కార్డు ఆమె చేతిల పెట్టిండు.

మురళి లేచిండు. "తల్లి కడిగితే కొడుకు దొంగతనం పోతదా అత్తమ్మా? ఎరుకుండే కడిగినవు."

నేను వాని ఏడుతరాలను తిట్టిన. షట్టరు కింది నుంచి వంగి పోయిండు. మాకంటె ముందు ఊరు చేరుకుంటడు, హోటల్ల కూసొని అందరికి చెప్తడు. ఆ సంగతి ఆండాళుకు గూడ తెలుసు.

బస్సుల ఆమె ఏడ్వలే. నార్కట్‌పల్లి దాటినంక నా దిక్కు తిరిగింది.

"కౌసల్యక్కా, నా కొడుకు నిజంగనే మోసం చేసిండంటవా?"

ఇన్ని దినాలల్ల ఒక్కనాడు గూడ ఈ మాట ఆమె నోట రాలే. ఏం మాటనే అది, దినేశ్ గసొంటోడు కాదు అన్న. గట్టిగనే అన్న, ముందు సీటోళ్లు మళ్లి చూసిండ్రు.

"నీకెట్ల తెలుసక్కా?" అన్నది.