తిప్పేది మిషన్, చూసేది అవ్వ

శాంతవ్వ రూమ్‌లో సంచీ సర్దుకుంటోంది. ఒమన్‌లోని రైసూత్ ఫ్యాక్టరీలో మత్తులేని బుడగల ద్రాక్షరసం సీసాలను తలకిందులుగా పెట్టి, మడ్డి మూతిలోకి దిగేలా రోజూ చేత్తో కాస్త కాస్త తిప్పడం ఆమె పని. పోయిన వారం దానికి మిషన్ వచ్చింది. ఇక తనను ఇంటికి పంపేస్తారని ఆమె భయం.

సూపర్‌వైజర్ జిలాని సీసా పట్టుకుని వచ్చాడు. "అవ్వా, మిషన్ తిప్పినవన్నీ మసకగానే ఉండాయి!"

శాంతవ్వ సీసాను వెలుతురుకెత్తి చూసింది. "గంత జోరుగ తిప్పితే మడ్డి లేస్తది కొడుకా. గా మిషన్‌కు తొందరెక్కువ, నీ లెక్కనే."

వేగం తగ్గించారు. వారానికి రసం తేటపడింది.

"సంచీ విప్పు అవ్వా. ఇంక తిప్పేది మిషన్, చూసేది నువ్వు," అన్నాడు జిలాని.

శాంతవ్వ వాచిన మణికట్లను ఒళ్లో పెట్టుకుని హాయిగా ఊపిరి తీసుకుంది. పక్క వరుసలో సీసాలు తిప్పిన సుమలత చేతులు పాడై 2022 మార్చిలో ఊరికెళ్లింది. మళ్లీ రాలేదు.