గురువారం సొరలు

"సబ్బుకి పోదమ్మా ఆ కంపు. నిమ్మచెక్కెట్టి రుద్దుకో."

గురువారం సాయంత్రం కమలకుమారి ఇంటికి వచ్చేసరికి అత్త కామాక్షమ్మ ఈ మాట అనాలి. తొమ్మిదేళ్ళుగా అంటోంది. గురువారం జంతుశాస్త్రం ప్రాక్టికల్స్. కాశీబుగ్గలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పిల్లల చేత సొరచేపల తలలు కోయించి, మెదడులోంచి బయల్దేరే నరాలు చూపించి వస్తుంది కమలకుమారి. ఆ రోజు వీధి గుమ్మంలోంచి రాకూడదు. సందు తిరిగి పెరట్లోకి రావాలి. బట్టలుతికే బండ మీద సగం నిమ్మకాయ కోసిపెట్టి ఉంటుంది. గోళ్ళ సందులు, మణికట్లు, మోచేతుల దాకా రుద్దుకుని, నెత్తిన నాలుగు చెంబులు పోసుకుంటే గాని వంటింట్లోకి రానివ్వరు. వంటింట్లోకి రానిచ్చేది కూర్చోబెట్టడానికి కాదు, వంట చేయించడానికి.

ఆదివారం నాడు భర్త భానుప్రకాష్ చందువ చేపలు తెచ్చి అదే వంటింట్లో ఆమె ముందు పడేస్తాడు. పొట్టలు తియ్యడం, కడగడం, పులుసు పెట్టడం ఆమె వంతు. ఆ రోజు బండ మీద నిమ్మకాయ ఉండదు. తినేవాడి నాలుకకి చేప రుచి. కోసేదాని చేతికి అదే చేప కంపు. ఇంతమాత్రం అర్థం కావడానికి ఎమ్మెస్సీ చదవనక్కర్లేదు. చదివిన కమలకుమారి మాత్రం తొమ్మిదేళ్ళు నిమ్మచెక్క రుద్దుకుంది.

భానుప్రకాష్‌ది ఆమె కులమే. వాళ్ళ తాత పలాస వచ్చి జీడిపప్పు వ్యాపారంలో గుమాస్తాగా కుదిరాడు. "మేం సముద్రం ఒగ్గేసి రెండు తరాలయింది" అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుంటారు, పెద్ద రోగం నయమైనట్టు. పెళ్ళిలో స్నేహితులకి భానుప్రకాష్ చెప్పిన మాట ఒకటుంది: "అమ్మాయి వాళ్ళది కవిటి వైపు. కొబ్బరితోటలు." కమల విన్నది. తల వంచుకున్నది పెళ్ళికూతురు కాబట్టి అనుకున్నారు. ఆమెది సముద్రపొడ్డున అక్కుపల్లి. తండ్రి సముద్రంలో పోయాడు. తల్లి వరహాలుకి ఉన్న ఆస్తి ఒక గంప, ఒక కత్తి. ఆ రెండింటితోనే కూతుర్ని ఎమ్మెస్సీ దాకా చదివించింది.

కాలేజీకి సొరలు తెచ్చేది ఎవరో ఉద్యోగంలో చేరిన మొదటి గురువారం దాకా కమలకి తెలియదు. అటెండరు పోలారావు వెనక గేటు తీసి, "మేడమ్, సొరలమ్మి వచ్చింది, సూసుకుంటారా?" అని పిలిచాడు. గంజి పెట్టిన చీర కుచ్చిళ్ళు పట్టుకుని వెళ్ళింది. గంప దించుతున్న మనిషి తలెత్తింది. వరహాలు. కూతురు నోరు తెరిచేలోపే తల్లి అంది: "ఏటమ్మా, మీకీ సొరలు సరిపోతాయేటి?"

"మీకు" అంది. కన్నకూతుర్ని.

"సరిపోతాయి" అంది కమల.

అంతే. తప్పు తల్లి మొదలుపెట్టింది, కూతురి కాపురం కోసం. కూతురు ఒప్పుకుంది, తన కోసం. అప్పట్నించీ ప్రతి గురువారం వెనక గేటు దగ్గర ఇద్దరూ పరాయి మనుషులు. పోలారావు అటు తిరిగినప్పుడు మాత్రం వరహాలు గొంతు తగ్గించి, "తిన్నావేటే?" అనేది. తిన్నానని తలూపేది కమల. అంతకు మించి తొమ్మిదేళ్ళలో ఆ గేటు దగ్గర ఆ ఇద్దరూ మాట్లాడుకున్నది లేదు.

ఇదిలా ఉండగా కాలేజీలో మహిళా విభాగం పెట్టాలని పైనుంచి ఉత్తరం వచ్చింది. ప్రిన్సిపాలు తారకేశ్వరరావు గారు స్టాఫ్ రూం అంతా కలియజూసి కమలకుమారి దగ్గర ఆగారు. ఆ గదిలో ఆడమనిషి ఆమె ఒక్కతే. "ఇంక అడగడానికేముందమ్మా, మీరే" అన్నారు. విభాగం అంటే మెట్ల కింద గది, కాలు విరిగిన బల్ల, ఒక అద్దం. కార్యక్రమాలంటే మార్చి ఎనిమిదిన ముగ్గుల పోటీ, వంటల పోటీ. న్యాయనిర్ణేత ప్రిన్సిపాలు గారే. పోయినేడాది గుత్తివంకాయ తింటూ, "మన కాలేజీ నుంచి ఎంత మంచి కోడళ్ళు బయటికెళ్తున్నారో!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత అందరికీ టీ అందించింది కమలకుమారి. గిన్నెలు కడిగించింది కమలకుమారి. నివేదిక రాసింది కమలకుమారి. ఆ నివేదిక ఫారంలో చివర ఒక గడి ఉంది: "ఈ కార్యక్రమానికి బోధనతో గల సంబంధం." అక్కడ ఏం రాయాలని అడిగితే ప్రిన్సిపాలు గారు నవ్వి, "గీత గీసెయ్యండి. ముగ్గుకీ పాఠానికీ సంబంధమేమిటమ్మా?" అన్నారు. గీసింది. నిజమే కదా అనుకుంది కూడా.

రెండువేల ఒకటి ఫిబ్రవరి దాకా ఆ గీత ఆమెకి మళ్ళీ గుర్తు రాలేదు. ఆ నెలలో ఒక రోజు రెండో సంవత్సరం క్లాసులో శిశూత్పాదకత చెబుతోంది. చాలా చేపలు గుడ్లు పెడతాయి, ఈ సొర మాత్రం పిల్లల్ని కంటుంది, తల్లికీ పిల్లకీ మధ్య జరాయువు, అంటే మావి, ఉంటుంది అని బోర్డు మీద బొమ్మ గీసింది. దుర్గ అనే పిల్ల లేచింది. జీడిపప్పు ఒలిచే వాళ్ళింటి పిల్ల, వేళ్ళ కొసలు నల్లగా ఉంటాయి. "మేడమ్, ఇన్ని సొరలు కోశాం కదా, ఒక్కటైనా కడుపుతో ఉన్నది రాలేదేమండీ?"

కమల చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. తొమ్మిదేళ్ళు. గురువారానికి పది పన్నెండు సొరలు. వాటిలో ఆడవి సగం. ఒక్కటీ కడుపుతో లేదు. తను ఎమ్మెస్సీ పరీక్షలో జరాయువు మీద నాలుగు పేజీలు రాసి మొదటి తరగతి తెచ్చుకుంది. కంటితో ఎప్పుడూ చూడలేదు. చూడలేదన్న సంగతి కూడా ఇప్పటిదాకా తోచలేదు. "సీజన్ కాదేమో" అంది. అబద్ధమని ఆమెకీ తెలుసు, దుర్గకీ తెలుసు.

ఆ గురువారం వెనక గేటు దగ్గర పోలారావుని బకెట్టు తెమ్మని పంపి, దుర్గ అడిగిందే తల్లిని అడిగింది.

వరహాలు గంప మీద గోనె సర్దుతూ కూతురి వంక వింతగా చూసింది. "సూడిదాన్ని కోసి సదూకోమని ఎలగిస్తానే? వొలలోంచి తియ్యగానే పొట్ట మీద ఏలెట్టి సూత్తాను. లోపల కదిలితే ఇసక మీదే కోసి పిల్లల్ని తీసి నీటిలో ఇడిసిపెట్టీడమే. నెలలు నిండినవైతే తోకాడించుకుంటా ఎలిపోతాయి. తల్లి మాంసం ఊర్లో బాలింతలకెట్టీడమే. నువ్వు పుట్టినప్పుడు మా అమ్మ నాకెట్టింది. ఆ పాలే నువ్వు తాగినావు."

ఇంత మామూలుగా చెప్పి గంప ఎత్తుకుంది. కమల ఆ చేతుల వంక చూసింది. తను పుస్తకంలో చదివిన దాన్ని ఈవిడ వేలి కొసతో చదువుతోంది. సొర కడుపు నుంచి బాలింత పాల దాకా ఒక్క గీతలో చెప్పేసింది. ఎన్ని వందల పిల్లలు ఆ చేతుల మీదుగా తిరిగి నీళ్ళలోకి పోయి ఉంటాయి! కడలి ఒడ్డున పొద్దు పొడవకముందే మంత్రసానితనం చేసి, ఆ చేతులే కడుక్కుని, ఇక్కడికొచ్చి తనని "మీరు" అంటోంది. కమలకి భయంలాంటిది వేసింది. పెద్ద కెరటం ముందు నిలబడ్డప్పుడు వేసే భయం. ఫారం చివరి గడిలో గీసిన గీత గుర్తొచ్చింది.

"అమ్మా" అంది. ఆ గేటు దగ్గర ఆ మాట అనడం అదే మొదలు. "వచ్చే నెల ఎనిమిది కూడా గురువారమే. ఆడవాళ్ళ పండగ. లోపలికొచ్చి మా పిల్లలకి చెబుతావా?"

"ఓలమ్మ! నానేటి సెప్తానే సదువుకున్న గుంటలకి?"

"ఇప్పుడు చెప్పిందే."

వరహాలు గంప మళ్ళీ కిందికి దించింది. "ఒత్తాను గాని రెండు మాటలు. బతికున్న సూడిదాన్ని తేను. వొలలోనే సచ్చిపోయింది దొరికితే తెత్తాను. రెండోది, నాను నీకేటౌతానో సెప్పకు. మీ అత్తోరింట్లో నీ మొకం తక్కువైపోద్ది."

కమల ఒప్పుకుంది. మళ్ళీ ఒప్పుకుంది.

ప్రిన్సిపాలు గారిని ఒప్పించడానికి మాత్రం వారం పట్టింది. "ఫంక్షన్ ఫంక్షనే, పాఠం పాఠమే. రెండూ కలిపితే సిలబస్సు ఏం గాను?" అన్నారు. "ఇది సిలబస్సేనండీ, ఐదో యూనిట్" అంది. అతిథి ఎవరని అడిగారు. సముద్ర జీవుల మీద నలభై ఏళ్ళు పనిచేశారంది. "నలభై ఏళ్ళే! డాక్టరేటు ఉండే ఉంటుంది" అని సంతోషించి శాలువా తెప్పించారు.

మార్చి ఎనిమిది. వరహాలు ఉతికిన చీర కట్టుకుని, నెత్తిన గంపతో ముందు గేటు దగ్గరికొచ్చింది. పోలారావు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏటి, దారి మర్సిపోనావా? ఎనకాలెల్లు."

"ఈ పూట ఇటే" అంది కమల వెనకనుంచి.

ల్యాబు నిండిపోయింది. ప్రిన్సిపాలు గారు శాలువాతో వచ్చి, గంపని చూసి, అతిథి కోసం ఇంకా వెనక్కి చూస్తున్నారు. ముందు వరసలో ఒక కుర్రాడు చేతిరుమాలు ముక్కుకి కట్టుకున్నాడు. వరహాలు వాణ్ణి చూసి, "ఏటి బాబూ, ముక్కుకి తాళమేసినావు! పులుసెడితే నోటిక్కూడా ఏత్తావేటి?" అంది. ల్యాబంతా గొల్లుమంది. రుమాలు జేబులోకి పోయింది.

తర్వాత నవ్వులు లేవు. వలలోనే చచ్చి దొరికిన సొరని మైనం పళ్ళెంలో వెల్లకిలా పడుకోబెట్టింది. కమల అందించిన కత్తి చూసి, "దీంతో గోళ్ళు తీసుకోడమే" అని తన కత్తి తీసింది. పొట్ట మీద బొటనవేలు ఒకసారి పారించింది. "ఏడున్నాయి" అంది. కొయ్యకముందే అంది. ఒక్క గాటు. కత్తి ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. లోపలి సంచి గీరుకోలేదు. రెండు వేళ్ళతో విప్పింది.

ఏడే ఉన్నాయి. ఒక్కొక్కటి చూపుడు వేలంత. కళ్ళు, రెక్కలు, తోక, అన్నీ తీరిన సొరలు. ఒకదాని పక్కన ఒకటి, ఒకే వైపు తలలు పెట్టి, వరసగా పడుకున్నాయి. ప్రతి పిల్ల బొడ్డు నుంచీ ఒక తాడు తల్లి లోపలికి పోయింది. తాడంతా సన్నటి నూగు. వరహాలు ఒక పిల్లని అరచేతిలోకి తీసుకుని తాడు సాగదీసి పట్టుకుంది. తెగలేదు.

"మీ పుస్తకంలో దీన్నేటంతారో నాకు తెల్దు. మేం బొడ్డుతాడే అంతాం. మనిసికైనా సొరకైనా."

నలభైమంది పళ్ళెం చుట్టూ మూగారు. దుర్గ నల్లటి వేళ్ళు ముందుకి చాచి, ముట్టుకోవచ్చా అన్నట్టు చూసింది. వరహాలు పిల్లని దాని చేతిలో పెట్టింది. ప్రిన్సిపాలు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ముప్ఫై ఏళ్ళు ఆయన కూడా జంతుశాస్త్రమే చెప్పారు. కమలకుమారి ల్యాబు బోర్డు మీద తను పొద్దున్న గీసిపెట్టిన బొమ్మ వైపు చూసింది. దానిలో తాడు సగంలో ఆగిపోయి ఉంది. పాత గీతని చెరిపేసి, తల్లి చేతి వంక చూస్తూ మళ్ళీ గీసింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ ల్యాబులో తను విద్యార్థి అయింది. సిగ్గు వేయలేదు.

శాలువా కప్పాక ప్రిన్సిపాలు గారు మనసు నిండిపోయి, నివేదిక తనే రాస్తానని ఫారం తీశారు. "చెప్పమ్మా, పేరు?"

"వరాలండి."

"ఇంటిపేరు?"

"సూరాడోలమండి. అక్కుపల్లి" అంది వరహాలు గర్వంగా. తన భర్త ఇంటిపేరు అక్కడ ఆ కాగితం మీదికి ఎక్కుతోందని తెలిసి నిటారుగా నిలబడి మరీ అంది.

దుర్గ కళ్ళు తలుపు వైపు తిరిగాయి. దానితోపాటు అందరి కళ్ళూ. ల్యాబు తలుపు మీద పలక ఉంది: "సూరాడ కమలకుమారి, ఎమ్మెస్సీ." డిగ్రీ పట్టాల మీద పుట్టింటి ఇంటిపేరే కాబట్టి కాలేజీలో అదే రాశారు. వరహాలు ఈ తలుపు దాకా ఎప్పుడూ రాలేదు. వచ్చినా చదవలేదు. తొమ్మిదేళ్ళు కూతురి కోసం దాచిన మాట తన నోటితోనే చెప్పేసిందని ఆమెకి తెలియదు. ఎందుకు అందరూ తలుపు వైపు తిరిగారా అని చూస్తోంది.

పోలారావుకి కమల మీద అభిమానం. తప్పుకునే దారి చూపించాడు. "ఆ ఒడ్డున సగం ఊరు సూరాడోళ్ళే సార్. ఈదికి పది ఇళ్ళు."

"అదీ నిజమే" అన్నారు ప్రిన్సిపాలు గారు ఊరట పడి. "సరే, చివరి గడి. బోధనతో సంబంధం. ఏం రాయమంటారమ్మా?"

తలుపు తెరిచే ఉంది. ఇటు నుంచి వెళ్ళిపోతే ఇంట్లో భర్త చెప్పుకున్న కొబ్బరితోట పచ్చగానే ఉంటుంది. కమల తల్లి చేతి వైపు చూసింది. పిల్ల సొర దుర్గ అరచేతిలో ఉన్నా తాడు ఇంకా వరహాలు వేళ్ళ మధ్యనే ఉంది.

"ఊరంతా ఒకటే ఇంటిపేరు కావచ్చు సార్. నన్ను కన్నది మాత్రం ఈవిడే. మా అమ్మ. అదే రాయండి."

"సెప్పొద్దన్నాను కదే!" అని అరిచింది వరహాలు. ఆ కాలేజీలో ఆమె కూతుర్ని "కదే" అనడం పోలారావు, పిల్లలు, ప్రిన్సిపాలు గారు అందరూ విన్నారు. అరిచి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. కమల ఏడవలేదు. ఏడ్చే హక్కు తనకి ఇంకా రాలేదనుకుంది.

సాయంత్రం ఇద్దరూ వీధి గుమ్మంలోంచే వచ్చారు. కామాక్షమ్మ వాకిట్లో నిలబడి గంప వంకా, మనిషి వంకా చూసింది. భానుప్రకాష్ పేపరు దించి, "ఏమిటీ వాసన?" అన్నాడు. కమల ఆగకుండా లోపలికి నడిచింది. తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, పెరట్లోకి వెళ్ళి, బండ మీది నిమ్మచెక్క తెచ్చి, గ్లాసులోకి పిండింది. ఉప్పు, పంచదార వేసి కలిపి తల్లికిచ్చింది. వరహాలు బెదురుతూనే గుక్కలో తాగేసింది.

"అత్తయ్యా" అంది కమల, కడగని చేతులతోనే గ్లాసు అందుకుంటూ. "వచ్చే గురువారం నుంచి సగం కాదు, కాయంతా కొయ్యండి. కాలేజీకి వచ్చిన రోజు మా అమ్మ ఇక్కడే తింటుంది."